పొలిమేర దాటని జలపాతం

నీలాలరేవు పట్టణానికి సముద్రం ఉంది, సరుగుడు తోట ఉంది, సాయంత్రం అయ్యేసరికి మిరపకాయ బజ్జీలున్నాయి. ఎంత తీరిగ్గా చూసినా ఇవన్నీ ఒక్క రోజులో అయిపోతాయి. రెండో రోజు పొద్దున్నే ప్రతి యాత్రికుడూ హోటలు మెట్లు దిగి గుమాస్తాని అడుగుతాడు: "ఇక్కడికి దగ్గర్లో చూడ్డానికేమున్నాయండీ?"

ఆ ప్రశ్న మీదే పొట్నూరు కనకమాలక్ష్మి సంసారం నడుస్తోంది. ఆమె పర్యాటకాభివృద్ధి సంస్థ పసుపు బస్సులో గైడు. పొద్దున్నే యాత్రికుల్ని ఎక్కించుకుని చలికొండ జలపాతానికి తీసుకెళ్ళి, చీకటి పడేలోపు తెచ్చి హోటళ్ళ దగ్గర దింపేస్తుంది. కొండ చివరి మలుపు తిరగ్గానే నీళ్ళ హోరు వినపడుతుంది. అప్పటిదాకా పాటలు, పులిహోర పొట్లాలు, పిల్లల వాంతులతో గోలగా ఉన్న బస్సు ఒక్కసారి మాట మానేస్తుంది. ఏళ్ళ తరబడి చూస్తున్నా మాలక్ష్మికి ఆ క్షణం ఇష్టం. అక్కడ ఆమె కూడా మైకు కట్టేసి ఊరుకునేది.

ఇలా ఉండగా సంస్థకు కొత్త మేనేజింగ్ డైరెక్టరుగా విశ్వభానుమూర్తి గారు వచ్చారు. ఆయనతో పాటు 'సంపూర్ణ విహార పట్టణం' అనే బిరుదుకు పోటీ కూడా వచ్చింది. యాత్రికుడికి బయటకు పోవలసిన అవసరమే లేనంతగా సమస్తమూ ఏ ఊళ్ళో దొరుకుతాయో ఆ ఊరికి ఆ బిరుదు ఇస్తారట. మూర్తిగారు సిబ్బందినందర్నీ పిలిచి సమావేశం పెట్టారు.

"మన పట్టణానికి విచ్చేసిన సందర్శకుడు మర్నాడు మరో చోటికి పోతున్నాడంటే దాని భావమేమిటి? మనలో ఏదో లోటున్నదని ఊరూరా చాటుతున్నాడన్నమాట. దీన్ని మా పరిభాషలో సందర్శక బహిర్గమనం అంటారు. ఇది తక్షణం అరికట్టవలసిన అంశం."

"అంటే బస్సు ఆపేస్తారాండి?" అని అడిగింది మాలక్ష్మి.

"ఎందుకు ఆపుతాం? ఏకదిన విహారయాత్ర యథాతథంగా కొనసాగుతుంది. అయితే పట్టణ పరిధిలో కొనసాగుతుంది."

"మరి జలపాతమో అండి?"

"గుర్తిస్తాం."

"అది కొండల్లో కదండి ఉన్నది..."

"ఉన్నదాని సంగతి కాదమ్మా నేను చెబుతున్నది. పట్టణ పరిధిలో ఒక జలపాతాన్ని గుర్తిస్తాం. గుర్తింపు అనేది పాలనాపరమైన ప్రక్రియ. ప్రకృతితో దానికి నిమిత్తం లేదు."

గుర్తింపు సంఘం నాలుగు వీధులు తిరిగి ట్యాంకు వీధిలో ఆగింది. అక్కడి మంచినీళ్ళ ట్యాంకు వెనకటి వేసవిలో బీట పడి, అప్పటి నుంచీ కారుతోంది. సంఘం సభ్యులు తలలు పైకెత్తి నిలబడ్డారు. నీరు ఎత్తు నుంచి పడుతోందా? పడుతోంది. నిరంతరంగా పడుతోందా? మరమ్మతు చెయ్యనంత కాలం పడుతుంది. మర్నాడే అక్కడ 'నీలధార జలపాతం' అని బోర్డు లేచింది. ట్యాంకు మరమ్మతు రద్దయింది.

మిగతావి సులువుగానే జరిగిపోయాయి. రైలుకట్ట కింద సందు గుహ అయింది. దాంట్లో గబ్బిలాలు లేవని ఎవరో సణిగితే, అది లోపం కాదనీ సౌకర్యమనీ మూర్తిగారు తేల్చారు. మార్కెట్ రోడ్డు గుంతలమయం కాబట్టి అది ఘాట్ రోడ్డయింది. గుంతలు పూడ్చడానికి వచ్చిన కాంట్రాక్టరును ప్రకృతికి హాని చేస్తున్నాడని వెనక్కి పంపారు. ఇక కొండ మీద మంచు ఉండాలి కదా. దీపస్తంభం పక్క దిబ్బ మీద తెల్లవారుజామున మునిసిపాలిటీ వాళ్ళు దోమల పొగ వదిలేలా ఏర్పాటైంది. ఆ మంచులో నిలబడి ఫోటోలు దిగిన జంటలు మధ్యాహ్నం దాకా దగ్గుతూనే ఉండేవి. అయితే ఒక్క దోమ కూడా కుట్టలేదని సందర్శకుల అభిప్రాయాల పుస్తకంలో మెచ్చుకున్న వాళ్ళూ ఉన్నారు.

మొదటి రోజు మాలక్ష్మికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బస్టాండు నుంచి ట్యాంకు వీధికి నడిచి వెళ్ళినా టీ చల్లారేలోపు చేరుకోవచ్చు. టికెట్టు మీద మాత్రం 'పూర్తి రోజు' అని అచ్చు వేసి ఉంది. అందువల్ల డ్రైవరు సన్యాసిరావు ఊరి చుట్టూ బస్సుని గానుగెద్దులా తిప్పుతున్నాడు.

"ఈ బజ్జీల కొట్టు ఇందాక చూశాం కదండీ?" అన్నాడు కిటికీ పక్కనాయన.

సిబ్బందికి ఇచ్చిన సూచనల్లో దీనికి జవాబుంది. మాలక్ష్మి అప్పజెప్పింది: "కోస్తాలో బజ్జీల కొట్లన్నీ ఒకేలా ఉంటాయండి."

"కొట్టంటే సరే. చెయ్యి ఊపుతున్న మనిషి కూడా ఒకడేనే?"

"అన్నదమ్ములండి," అంది మాలక్ష్మి. ఇది సూచనల్లో లేదు. ఆ మాట నోటంట వచ్చేసినందుకు ఆమె చెవులు వేడెక్కాయి.

సన్యాసిరావు అద్దంలోంచి ఆమెను చూసి నవ్వాడు. "బాగానే ఎక్కుతున్నాది మాలక్ష్మమ్మా నీకు ఉద్యోగం."

ఆ బస్సులో మల్లేశం, రాజవ్వ అనే వృద్ధ దంపతులున్నారు. హుజూరాబాద్ పక్క నుంచి వచ్చారు. ఆయన రిటైరైన బడిపంతులు. రాజవ్వ మోకాళ్ళు పట్టుకుని అడుగడుక్కీ ఆగుతూ నడిచే మనిషి. ట్యాంకు దగ్గర అందరూ గొడుగులు పట్టుకుని కింద నిలబడితే ఆమె కళ్ళు చికిలించి పైకి చూసింది. సున్నం వెలిసిపోయిన చోట 'మంచినీటి పథకం' అనే అక్షరాలు కనిపించాయి.

"గిదేంది బిడ్డా! గిసోంటిది మా ఊర్ల గూడున్నది," అంది మాలక్ష్మితో. కోపంగా అనలేదు, జాలిగా అంది. "వచ్చే నెల నాకు మోకాళ్ళ ఆపరేషనున్నది. అటెంక కొండలెక్కుడు ఎక్కడిది? ఒక్కపారన్న జలపాతం కింద నిలవడాలని మా సార్‌ను బతిమిలాడి తోల్కొచ్చిన."

మాలక్ష్మి తన గొడుగు ఆమె మీదికి వంచింది.

అది చాలనట్టు ఇంటి దగ్గర గొడవ మొదలైంది. మాలక్ష్మి ఉండేది కూడా ట్యాంకు వీధిలోనే. ఫోటోల్లో ధార సన్నగా పడుతోందని పై అధికారులు ఆక్షేపించారట. దాంతో వీధి కుళాయిలకు వెళ్ళే గొట్టం కట్టేసి, నీళ్ళన్నీ బీటలోంచే పడేలా చేశారు. జలపాతం కింద బిందె పెట్టడం నిషేధం. వీధిలో ఆడవాళ్ళు బిందెలు మోసుకుంటూ రైలుకట్ట అవతలి బోరింగుకి నడుస్తున్నారు. పక్కింటి అప్పయ్యమ్మ ఖాళీ బిందె మాలక్ష్మి గుమ్మంలో ఠంగుమనిపించింది.

"ఓలమ్మా, మా కుళాయి కట్టీసి ఆ పొరుగూరోలకి తానాలు సేయిత్తన్నావా? రోజూ మైకట్టుకుని 'సూడండి సూడండి' అని నువ్వే గదే సెప్తన్నావు! మా పిల్లలకి మొకాలు కడగడానికి చుక్క నేదే!"

"నేనేటి సేత్తాను పిన్నీ. ఉద్యోగం."

"ఉద్యోగమైతే మాత్రం? సిగ్గు నేదా?"

ఆ రాత్రి మాలక్ష్మి కంచం ముందు కూర్చుందే గాని ముద్ద దిగలేదు. అన్నం వండింది కూడా బోరింగు నీళ్ళతోనే. ఉప్పగా ఉంది.

యాత్రికులు తెలివైనవాళ్ళు. పసుపు బస్సు మానేసి మామూలు బస్సులెక్కి చలికొండకు పోవడం మొదలుపెట్టారు. వెంటనే ఊరి పొలిమేరలో బహిర్గమన నియంత్రణ కేంద్రం వెలిసింది. అంటే ఒక వెదురు బొంగు, ఒక కుర్చీ, కుర్చీలో ఒక ఉద్యోగి. వైద్యం, కోర్టు వాయిదా, పెళ్ళి, ఈ మూడింటికి తప్ప హోటల్లో దిగినవాళ్ళను బయటకు వదలరు. మర్నాటి నుంచి పొలిమేర దాటేవాళ్ళందరి చేతుల్లోనూ శుభలేఖలే. ఊళ్ళో ఉన్నది ఒకటే ప్రెస్సు. వాళ్ళు ఒకే శుభలేఖను తేదీ మార్చి అచ్చు వేస్తున్నారు. చిరంజీవి సౌభాగ్యవతి వనజకు పాపం రోజూ పెళ్ళే. ఉద్యోగికి అనుమానం వచ్చి పై వాళ్ళకు రాశాడు. పై వాళ్ళు ఆలోచించి, పెళ్ళికి వెళ్ళేవారు చదివింపుల సామాను కూడా చూపాలని ఉత్తర్వులిచ్చారు. ఆ వారం నీలాలరేవులో స్టీలు సామాన్ల కొట్టు ఖాళీ అయిపోయింది. చదివింపులకు సామాను దొరక్క ఆ పెళ్ళిళ్ళు కూడా ఆగిపోయాయి.

మల్లేశం, రాజవ్వలు మాత్రం అబద్ధం చెప్పడం చేతగాక రెండుసార్లు వెనక్కి వచ్చారు. ఎక్కడికని అడిగితే మల్లేశం సార్ ఉన్నమాట చెప్పేశాడట. "జలపాతం సూడవోతున్నం" అన్నాడట. మర్నాడు తిరుగు ప్రయాణమనగా రాజవ్వ సముద్రం గట్టున కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కనిపించింది. మాలక్ష్మి ఆమెను చూసి, తిన్నగా సన్యాసిరావు ఇంటికి పోయింది.

"మీ తమ్ముడి చేపల బండి చలికొండ సంతకెళ్తాది గదా?"

"ఎల్తాది. ఏటి?"

"ఆ బొంగు దగ్గర దాన్ని ఆపుతారా?"

సన్యాసిరావు గడ్డం గోక్కున్నాడు. "మనుసుల్నే ఆపమన్నారు. సేపల మాట ఉత్తర్వులో నేదు. సేపలు ఏ ఊరైనా పోవచ్చు."

అలా మర్నాడు సెలవు పెట్టి మాలక్ష్మి, మల్లేశం, రాజవ్వ వలల కింద, మంచు పెట్టెల మధ్య పొలిమేర దాటారు. ఉద్యోగి బండిని తట్టి చూసి, ముక్కు మూసుకుని బొంగు ఎత్తాడు. మల్లేశం సార్ ఒడిలో ఒక వంజరం చేప ఆయన్నే చూస్తూ ప్రయాణం చేసింది. రాజవ్వ దారి పొడుగునా ముసిముసిగా నవ్వుతూనే ఉంది. "పెండ్లయినంక గిట్ల ఎన్నడు దొంగతనంగ పోలే," అంది.

చివరి మలుపులో నీళ్ళ హోరు వినిపించింది. బండి దిగి, రాజవ్వను చెరోవైపూ పట్టుకుని మెట్లు దింపారు. మామూలుగా తిరునాళ్ళలా ఉండే చోట ఒక్క పురుగు లేదు. ఒకే ఒక్కడు ఉన్నాడు. తడిసిన బనీను, గళ్ళ నిక్కరు, ధార కింద కళ్ళు మూసుకుని కూనిరాగం. ఒడ్డున ఆకు మీద వెదురుబొంగులో కాల్చిన చికెన్, పక్కన నిమ్మకాయ ముక్క.

మూర్తిగారు కళ్ళు తెరిచారు.

"ఎవరది?"

"నేనేనండి, మాలక్ష్మిని."

ఆయన చేతులు తువ్వాలు కోసం వెతికాయి. అది ఒడ్డున ఉంది. లేని తువ్వాలు ఉన్నట్టే నిటారుగా నిలబడి గంభీరంగా అన్నారు: "తనిఖీ. బహిర్గమనం వాస్తవంగా ఆగినదీ లేనిదీ క్షేత్రస్థాయిలో స్వయంగా..."

"ఆగిందాండి?"

ఆయన మాలక్ష్మిని చూశారు. చేపల వాసన కొడుతున్న ముసలి దంపతుల్ని చూశారు. తన నిక్కరును చూసుకున్నారు.

"నా దృష్టికి ఎవరూ రాలేదు," అన్నారు.

"మా దృష్టికీ ఎవరూ రాలేదండి," అంది మాలక్ష్మి.

ఈ సంభాషణ రాజవ్వకు పట్టలేదు. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, రాయి మీంచి రాయి మీదికి అడుగేస్తూ నీళ్ళలోకి వచ్చేసింది. ఆయన్ని స్నానానికొచ్చిన ఎవరో ఊరివాడనుకుంది. "జర పక్కకు జరుగు బిడ్డా," అని మేనేజింగ్ డైరెక్టర్ గారి భుజం పట్టుకుని ధార కిందికి వచ్చి నిలబడింది. నీళ్ళు నెత్తి మీద పడగానే ఆమె పెద్దగా అరిచింది. తర్వాత ఏడ్చిందో నవ్విందో ఆ హోరులో తెలియలేదు. మూర్తిగారు కదలకుండా నిలబడ్డారు. కదిలితే ఆమె పడిపోతుంది. మల్లేశం సార్ ఒడ్డున కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "సాలు రాజవ్వా, సలి పెడ్తది," అంటూనే ఉన్నాడు. రాజవ్వ వినిపించుకోలేదు.

మూర్తిగారి తనిఖీ నివేదిక తర్వాత అందరూ చదివారు. 'సదరు జలపాతమున చలి అధికము. జారుడు అధికము. అపరిచితులు భుజము పట్టుకొను ప్రమాదము గలదు. మన జలపాతమే అన్ని విధాల శ్రేష్ఠము' అని ఉంది అందులో.

బిరుదు పరిశీలక సంఘం వచ్చే రోజు దగ్గర పడింది. మాలక్ష్మి ఆ మధ్యలో ఒకనాటి సాయంత్రం అప్పయ్యమ్మ గుమ్మంలోకి వెళ్ళి కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని, వీధిలో ఆడవాళ్ళంతా మర్నాడు బిందెలకు చింతపండు పెట్టి మిలమిలా తోమారు.

పరిశీలక సంఘం అధ్యక్షుడు తెల్ల చొక్కా, నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి. మంచులో దగ్గాడు. గుహలో వంగాడు. ఘాట్ రోడ్డులో సీటు మీంచి ఎగిరి, "సహజత్వం ఉట్టిపడుతోంది," అన్నాడు నడుం పట్టుకుని. అందరూ జలపాతం దగ్గరికి వచ్చేసరికి వీధి ఆ చివర్నుంచి అప్పయ్యమ్మ ముందు, వెనక వీధి వీధంతా బిందెలతో వస్తున్నారు. ఒక కానిస్టేబులు అడ్డం వెళ్ళాడు. అప్పయ్యమ్మ బిందె చంక మార్చింది. కానిస్టేబులు పక్కకు తప్పుకున్నాడు. ఆడవాళ్ళు ధారాళంగా పడుతున్న నీళ్ళ కింద బిందెలు పెట్టేశారు. ఒకామె బట్టల మూట విప్పింది. ఇంకొకామె పిల్లాడి నెత్తిన కుంకుడురసం పోసింది.

"ఎవరు వీళ్ళు?" అన్నారు మూర్తిగారు పళ్ళ బిగువున.

మాలక్ష్మి చేతిలో మైకుంది. ఇంత చేసి ఉద్యోగం పోతే ఇంటి అద్దె ఎలాగ అన్న ఆలోచన వచ్చింది. అయినా మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"వీళ్ళు ఈ నీళ్ళ తాలూకు మనుషులండి. ఇది జలపాతం కాదు. మా వీధి మంచినీళ్ళ ట్యాంకు. బీట పడింది. దీన్ని బాగుచెయ్యకుండా ఆపి, మా కుళాయిలు కట్టేసి, మీకు చూపిస్తున్నాం."

మూర్తిగారు దీపస్తంభం వైపు చూస్తున్నారు.

అధ్యక్షుడు నల్ల కళ్ళద్దాలు తీశాడు. "అద్భుతం!" అన్నాడు. "ఎంత నిజాయితీ గల వ్యాఖ్యానం! బీట నుంచి ఉద్భవించిన ధార! ఆలోచించండి, లోకంలో ఏ జలపాతమైనా బీటలోంచే కదా పుడుతుంది! పైగా ప్రజల భాగస్వామ్యం!" ఆయన అప్పయ్యమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇది మీ సంప్రదాయమా?"

"సంప్రదాయమేటి బాబూ! దాహం!" అంది అప్పయ్యమ్మ.

"దాహం! రాసుకోండి, రాసుకోండి," అన్నాడాయన పక్కవాళ్ళతో.

నీలాలరేవుకు బిరుదు వచ్చింది. పరిశీలకుల సిఫారసు మేరకు 'ఘట జలోత్సవం' పేరిట ఆడవాళ్ళు రోజూ పొద్దునా సాయంత్రమూ బిందెలతో వచ్చి నీళ్ళు పట్టుకోవాలని ఉత్తర్వు వెలువడింది. ఉత్సవం వెలవెలబోకుండా ట్యాంకు అంచు దాకా నింపాలని దాంట్లోనే రాశారు. కుళాయిలున్న రోజుల్లో కూడా ఆ వీధి అన్ని నీళ్ళు చూడలేదు. కెమెరాల వైపు చూసి నవ్వాలన్నది ఒక్కటే షరతు.

"నవ్వితే నీలొత్తన్నాయి," అంది అప్పయ్యమ్మ మాలక్ష్మితో, నిండు బిందె దించుతూ. "నవ్వుతాను. నాకేటి పోయింది? లోపల తిట్టుకుంటే ఆ కెమెరాకి తెలుత్తాదా?"

ఆ వారంలోనే మూర్తిగారు మాలక్ష్మిని పిలిపించారు. ఆమెను తిన్నగా చూడకుండా బల్ల మీద పేపరు వెయిటును తిప్పుతూ మాట్లాడారు.

"మీ సేవలను గుర్తించి పదోన్నతిపై చలికొండ బదిలీ చేస్తున్నాం. ఆ పట్టణం కూడా సంపూర్ణ విహార పట్టణం కాదలచింది. వారికి అనుభవజ్ఞుల అవసరం ఉన్నది."

"అక్కడ నిజం జలపాతమే ఉంది కదండి."

"అది పట్టణ పరిధికి ఆవల ఉన్నది గనుక లెక్కలోకి రాదు. వారి లోటు వేరు. వారికి సముద్రం లేదు." ఆయన వెయిటును ఆపారు. "గుర్తించవలసి ఉన్నది."

బయటికొచ్చాక సన్యాసిరావు అన్నాడు, "నిన్నిక్కడుంచితే ఆ నిక్కరు గురుతొత్తాదని ఆయన బయం." మాలక్ష్మికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పెట్టె సర్దుకుంది. బస్సు పొలిమేర దాటుతుంటే బొంగు దగ్గరి ఉద్యోగి బదిలీ కాగితం చూసి నమస్కారం పెట్టాడు.

చలికొండలో ఆమెకు ఎదురొచ్చిన అధికారి కుర్రాడు, ఉత్సాహవంతుడు. తిన్నగా హైస్కూలు ఆటస్థలానికి తీసుకుపోయాడు. స్థలమంతా లోతుగా తవ్వి నీలం టార్పాలిన్లు పరిచి ఉంది. ఒడ్డున ఒక ట్రాక్టరు, ఉప్పు బస్తాల గుట్ట.

"ఇదేనండీ సముద్రం," అన్నాడు గర్వంగా. "ట్రాక్టరుతో కెరటాలు లేపుతాం. ఉప్పు మొన్ననే సరఫరా అయింది. ఆటుపోట్లు మాత్రం ఇంకా మంజూరు కాలేదు."

మాలక్ష్మి గుంత అంచున నిలబడి లోపలికి చూసింది.

"నీళ్ళెక్కడివి బాబూ?"

"అది ఇంజనీరింగు విభాగం పరిధి అండీ. ఎగువ వీధి గొట్టం మళ్ళిస్తున్నారనుకుంటా. రేపు తెల్లారేసరికి నింపేస్తారు. ఎల్లుండి ప్రారంభోత్సవం."

"ఎగువ వీధికి ఎటెళ్ళాలి?"

"ఇప్పుడెందుకండీ? ముందు గదిలో విశ్రాంతి తీసుకోండి."

"క్షేత్రస్థాయి తనిఖీ," అంది మాలక్ష్మి. ఆ మాట వినగానే అతను దారి చూపించాడు.

ఎగువ వీధి చివర కుళాయి దగ్గర ఆడవాళ్ళు వరసలో నిలబడి కబుర్లాడుకుంటున్నారు. కొత్త మనిషిని చూసి మాటలాపారు. మాలక్ష్మి సంచీలోంచి మైకు తీసి, మళ్ళీ లోపల పెట్టేసి, దగ్గరగా వెళ్ళి కుళాయి గట్టు మీద కూర్చుంది.

"అమ్మలూ, నేను సముద్రం చూపించడానికి వచ్చానండి. రేపు తెల్లారేసరికి బడి దగ్గర ఉంటుంది. ఇంట్లో ఉన్న బిందెలన్నీ పట్టుకుని రండి." గొంతు కాస్త తగ్గించింది. "పెందలాడే రండేం. ఉప్పు కలపకముందే."